సారంగధర విషాదం: ఒక రాజమహేంద్రవరం కథ, దాని రూపాంతరాలు

సారంగధరుడి కథకు రాజమహేంద్రవరమే సొంత ఊరు. వేంగి చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు చిన్నభార్య మాట నమ్మి కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడన్నది ఆ కథ. ఆ శిక్ష అమలు జరిగింది ఇక్కడేనని ఊళ్ళో సారంగధర మెట్టను చూపిస్తారు. చిత్రాంగి మేడ గురించీ చెప్పుకుంటారు. ద్విపద కావ్యం, ప్రబంధం, యక్షగానం, పద్యనాటకం, ఇంగ్లీషు కావ్యం, మూకీ, టాకీ ఇలా ఆరు వందల ఏళ్ళలో ఈ కథ చాలా రూపాలే ఎత్తింది. చరిత్రలో మాత్రం దీనికి ఆధారం లేదు.

ఆధారం లేని కథ ఒక నిజమైన రాజు పేరు మీద ఇంతకాలం ఎలా నడిచింది, చేతులు మారినప్పుడల్లా అందులో ఏది మారింది అని చూస్తే చారిత్రక విషాదం అనే ప్రక్రియ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. దీన్ని చేపట్టిన ప్రతి రచయితా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తప్పు ఎవరిది? తెగిన కాళ్ళూ చేతులూ తిరిగి వచ్చాయా, లేదా? ఈ రెండు జవాబులే ఒక సారంగధరను ఇంకో సారంగధర నుంచి వేరు చేస్తాయి.

కథ

రంగస్థలం మీద స్థిరపడిన రూపంలో కథ ఇలా సాగుతుంది. రాజరాజనరేంద్రుడికి పట్టమహిషి రత్నాంగి వల్ల కలిగిన కొడుకు సారంగధరుడు. అతనికి పెళ్ళి చేయాలని రాజకన్యల చిత్తరువులు తెప్పిస్తారు. అందులో చిత్రాంగి పటం చూసి రాజు తానే మోహపడతాడు. చిత్రాంగికి మాత్రం తన వరుడు సారంగధరుడనే చెబుతారు. రాచవారి ఆచారం ప్రకారం వరుడికి బదులు కత్తిని పంపి పెళ్ళి జరిపిస్తారు. రాజమహేంద్రవరం చేరాక గాని తాను కట్టుకున్నది కొడుకును కాదు, తండ్రిని అని ఆమెకు తెలియదు.

ఒకనాడు రాజు వేటకు వెళ్తాడు. రాకుమారుడు పావురాలాట ఆడుతుండగా అతని పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. మంత్రి కొడుకు సుబుద్ధి వద్దని వారిస్తున్నా సారంగధరుడు లోపలికి వెళ్తాడు. చిత్రాంగి తన కోరిక బయటపెడుతుంది. అతను ఆమెను తల్లిగా చూస్తాడు గనుక కాదంటాడు. అవమానంతో ఆమె రాజు రాగానే కొడుకే తనను చెరపట్టబోయాడని చెబుతుంది. రాజు విచారణ లేకుండా శిక్ష విధిస్తాడు. తలారులు రాకుమారుణ్ణి అడవికి తీసుకుపోయి కాళ్ళూ చేతులూ నరుకుతారు. నిజం బయటపడేసరికి చేయి దాటిపోతుంది.

సవతి తల్లి మోహం, కొడుకు నిరాకరణ, తండ్రి తొందరపాటు అనే ఈ మూడు ముడులూ ప్రపంచంలో చాలాచోట్ల కనిపిస్తాయి. గ్రీకుల హిప్పోలిటస్, ఫీడ్రాల కథ ఇదే. అశోకుడి కొడుకు కునాలుడి కళ్ళు పీకించిన తిష్యరక్షిత కథ ఇదే. పంజాబులో సియాల్‌కోట చుట్టూ అల్లుకున్న పూరన్ భగత్ కథ కూడా ఇదే. అందరికీ ఉన్న కథకు ఒక ఊరినీ, ఒక రాజునూ, శాసనాలున్న ఒక కాలాన్నీ ఇవ్వడం తెలుగువారు చేసిన పని.

శాసనాలు చెప్పేది

రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై 1061 దాకా ఉన్నాడు. తండ్రి విమలాదిత్యుడు. తల్లి కుందవ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. రెండు తరాలుగా చోళుల ఇంటి ఆడపిల్లలే వేంగికి రాణులయ్యారు.

అతని జీవితంలో నిజమైన కలహం కొడుకుతో కాదు, సవతి తమ్ముడు విజయాదిత్యుడితో. చోళులు రాజరాజును నిలబెడితే, కల్యాణి చాళుక్యులు విజయాదిత్యుడికి కొమ్ము కాశారు. గద్దె ఒకసారి చేజారి మళ్ళీ దక్కింది. కైకలూరు దగ్గరి కలిదిండిలో జరిగిన యుద్ధంలో తన పక్షాన పోరాడి చనిపోయిన చోళ సేనానుల జ్ఞాపకంగా రాజరాజు శివాలయాలు కట్టించాడని కలిదిండి శాసనం చెబుతుంది. కోరుమిల్లి శాసనం వంశక్రమాన్ని చెబుతుంది. 1053 నాటి నందంపూడి శాసనం నన్నయభట్టు రచనే. భారత రచనలో అతనికి తోడ్పడిన నారాయణభట్టుకు అగ్రహారం ఇచ్చిన సందర్భం అది.

ఈ శాసనాల్లో ఎక్కడా సారంగధరుడు అనే కొడుకు లేడు. చిత్రాంగి అనే రాణీ లేదు. చరిత్రకు తెలిసిన కొడుకు రాజేంద్రుడు. అతను కాళ్ళూ చేతులూ పోగొట్టుకోలేదు సరికదా, 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడనే పేరుతో దక్షిణ దేశాన్ని దాదాపు అర్ధ శతాబ్దం ఏలాడు. అంటే కథ చెప్పేదానికీ జరిగినదానికీ మధ్య ఉన్నది చిన్న తేడా కాదు, పూర్తిగా తలకిందులు.

యోగి కథ రాచకథ కావడం

కథ పుట్టుక రాజాస్థానంలో కాదు, సిద్ధుల మఠంలో. నాథ సంప్రదాయంలో చౌరంగినాథుడు ఒక సిద్ధుడు. సవతి తల్లి నింద వల్ల అవయవాలు పోగొట్టుకున్న రాకుమారుడు, గురువు దయతో వాటిని తిరిగి పొంది యోగి అయ్యాడన్నది అతని చరిత్ర. టిబెట్టులో ప్రచారంలో ఉన్న ఎనభై నలుగురు సిద్ధుల కథల్లో కూడా ఇది ఉంది. ఆ కథల్లో దిక్కులేకుండా పడి ఉన్న రాకుమారుడికి తిండి పెట్టి కాపాడే పశువుల కాపరే తరువాత గోరక్షుడవుతాడు.

తెలుగులో ఈ కథను కావ్యం చేసినవాడు 15వ శతాబ్దపు గౌరన. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీద అతను ద్విపదలో నవనాథ చరిత్ర రాశాడు. అందులో కథ జరిగేది గోదావరి ఒడ్డున కాదు, మాళవంలో. రాజు పేరు రాజమహేంద్రుడు. ఈ పేరే కథను రాజమహేంద్రవరం దాకా నడిపించిందని చరిత్రకారులు ఊహించారు. రాజమహేంద్రుడికీ రాజమహేంద్రవరానికీ ఉన్న దగ్గరతనం వల్ల మాళవ రాజు వేంగి రాజైపోవడం అసాధ్యమేమీ కాదు.

గౌరన చేతిలో తప్పెవరిదన్న ప్రశ్నకు పెద్ద బరువు లేదు. సవతి తల్లి చేసిన కీడు, రాజు చేసిన పొరపాటు రెండూ రాకుమారుణ్ణి సంసారం నుంచి తప్పించి గురువు పాదాల దగ్గరికి చేర్చే మెట్లు. కాళ్ళూ చేతులూ తిరిగి రావడమే కథకు పరమార్థం. శిక్ష ఎంత ఘోరంగా ఉంటే గురుమహిమ అంత గొప్పగా తెలుస్తుంది. ఈ దశలో ఇది విషాదం కాదు, మహిమ కథ. ద్విపద ఎంచుకోవడం కూడా అందుకు తగినదే. రెండేసి పాదాలుగా తాళానికి ఒదిగి సాగే ఆ ఛందస్సు చదువుకోనివారి గుంపు ముందు పాడి వినిపించడానికి అనువైనది.

17వ శతాబ్దానికి కథ తంజావూరు చేరింది. విజయవిలాసం రాసిన చేమకూర వెంకటకవి సారంగధర చరిత్ర రాశాడు. రఘునాథ నాయకుడి కొలువులో రసికుల మధ్య చదివే ప్రబంధానికి గురుమహిమ కన్నా చిత్రాంగి, సారంగధరుల సంవాదం ముఖ్యం. ఆమె ఎలా ఒప్పించజూసింది, అతను ఏ మాటకు ఏం జవాబిచ్చాడు అన్నది పద్యం పద్యానికీ పదును తేలుతుంది. కథ బరువు మేడలోని ఆ ఒక్క సన్నివేశం మీదికి జరిగింది. తరువాతి నాటకాలన్నీ ఈ సన్నివేశాన్నే ప్రాణంగా చేసుకున్నాయి.

అదే శతాబ్దంలో అప్పకవి ఈ కథకు ఇంకో కొమ్మ అతికించాడు. 1656 నాటి అప్పకవీయం ప్రకారం నన్నయ రాసిన ఆంధ్రశబ్దచింతామణిని భీమకవి గోదావరిలో కలిపేశాడు. చిన్నతనంలో దాన్ని కంఠస్థం చేసి ఉన్న రాజరాజు కొడుకు సారంగధరుడు సిద్ధుడై బతికి ఉండి, తరువాత కాలంలో మతంగ పర్వతం దగ్గర బాలసరస్వతికి దాన్ని అందించాడు. వ్యాకరణం ఎలా మిగిలిందో చెప్పడానికి పనికొచ్చిన ఈ కథతో సారంగధరుడు నన్నయకూ రాజరాజుకూ శాశ్వతంగా ముడిపడిపోయాడు. ఆ తరువాత అతన్ని ఆ వంశం నుంచి విడదీయడం శాసనాల వల్ల కూడా కాలేదు.

మహిమ తీసేసిన నాటకం

తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన మొదలైంది రాజమహేంద్రవరంలోనే. 1880లో కందుకూరి వీరేశలింగం విద్యార్థులతో తన వ్యవహార ధర్మబోధినిని ఆడించాడు. కాని రాజమహేంద్రవరం కథను విషాద నాటకంగా మలిచినవాడు దూరాన బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). సరసవినోదిని సభ పెట్టి చిత్రనళీయంతో మొదలుపెట్టిన ఆయనను ఆంధ్రనాటక పితామహుడని పిలిచారు. ఆయన విషాద సారంగధరను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రలు లెక్కిస్తాయి.

ఆ రోజుల్లో ఇది సాహసమే. నాయకుడి వధను రంగం మీద చూపకూడదని సంస్కృత లాక్షణికులు చెప్పారు. నాటకం మంగళాంతంగా ఉండాలన్నది స్థిరపడిన అభిప్రాయం. దుర్యోధనుడి చావును రంగం మీద చూపిన భాసుడి ఊరుభంగం అప్పటికి పండితుల చేతికి రాలేదు. భాస నాటకాలను తిరువనంతపురంలో గణపతిశాస్త్రి అచ్చు వేయించడం 1912లో మొదలైంది. కాబట్టి ధర్మవరంవారికి ఆదర్శం షేక్‌స్పియర్ విషాదాలే. నాందీ ప్రస్తావనలు పక్కనపెట్టడం, అంకాలను రంగాలుగా విభజించడం అటునుంచి వచ్చినవే.

ఆయన చేసిన అసలు మార్పు ముగింపులో ఉంది. సిద్ధుడు వచ్చి కాళ్ళూ చేతులూ ఇచ్చే ఊరట పోయింది. ఊరట పోగానే కథలో మిగిలినవన్నీ కొత్త అర్థం తెచ్చుకున్నాయి. గౌరనలో రాజు తొందరపాటు ఒక నిమిత్తం మాత్రమే. నాటకంలో అది దిద్దుకోలేని తప్పు. అందుకే ఈ నాటకంలో విషాద నాయకుడు కొడుకా, తండ్రా అన్న ప్రశ్న వస్తుంది. సారంగధరుడు నిర్దోషి. అతను చేసినదంతా పావురం కోసం వెళ్ళకూడని చోటికి వెళ్ళడం. నిర్దోషి బాధపడితే జాలి కలుగుతుంది. విషాదానికి కావలసిన ఇంకో దినుసు, తెలిసి తెలిసి తప్పులోకి నడిచే పెద్దమనిషి, రాజరాజు రూపంలో ఉంది. కొడుక్కి చూసిన పిల్లను తాను చేసుకోవడంతో అతని పతనం మొదలైంది. శిక్ష విధించడంతో పూర్తయింది.

సన్నివేశ నిర్మాణం

ఈ కథ నాటకంగా అంతకాలం నిలవడానికి దాని కూర్పులోనే కారణాలున్నాయి. మొదటిది పావురం. రాకుమారుడు సవతి తల్లి మేడలోకి వెళ్ళడానికి తగిన కారణం కావాలి. కారణం మరీ పెద్దదైతే అతని మీద అనుమానం వస్తుంది. ఏమీ లేకపోతే నమ్మబుద్ధి కాదు. ఆటలో ఎగిరిపోయిన పావురం అతని కుర్రతనాన్నీ, అమాయకత్వాన్నీ ఒకేసారి చూపిస్తుంది. రాజు వేటకు పోవడం దానికి జోడు. తండ్రి ఒక వేటలో, కొడుకు ఒక ఆటలో ఉన్న సమయంలో మేడలో ఉన్నది చిత్రాంగి ఒక్కతే.

రెండోది సుబుద్ధి. అతను హెచ్చరిస్తాడు, సారంగధరుడు వినడు. ప్రేక్షకుడికి ముందే తెలిసిన ప్రమాదాన్ని పాత్ర చేత రంగం మీద పలికించడం పాత ఉపాయమే గాని ఇక్కడ దానికి రెండో పని కూడా ఉంది. నిజం తెలిసిన సాక్షి ఒకడున్నాడు, అయినా రాజు అతన్ని పిలిచి అడగడు. విచారణ జరగలేదన్న సంగతి సుబుద్ధి ఉండడం వల్లే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మూడోది తీర్పు రంగం. రాజు ఇక్కడ ఒకేసారి మూడు స్థానాల్లో ఉంటాడు. తండ్రి, భర్త, న్యాయాధిపతి. భర్తగా అతను ఫిర్యాదిదారు, న్యాయాధిపతిగా తీర్పరి. తండ్రిగా జాలి చూపితే పక్షపాతం అంటారని అతని భయం. ధర్మం తప్పని రాజుననిపించుకోవాలన్న పట్టుదలే అతని చేత అధర్మం చేయిస్తుంది. రాజు పేరు ఊహాపేరైతే ఇది ఇంట్లో గొడవగా మిగిలేది. నన్నయ చేత పంచమవేదం రాయించిన ప్రభువు నోట ఈ తీర్పు వస్తే దెబ్బ వేరు. భారతం వినడానికి ఉత్సాహపడిన రాజు తన ఇంటి ధర్మం దగ్గర తప్పాడన్న ఎత్తిపొడుపు ఎవరూ విప్పి చెప్పకుండానే ప్రేక్షకుడికి తగులుతుంది. కథకు చారిత్రక నామం ఇచ్చిన బలం ఇదే.

ఇక పద్యనాటక రంగస్థలం దీనికి తన సొంత పద్ధతి చేర్చింది. హార్మోనియం శ్రుతి మీద పద్యాన్ని రాగం తీసి పాడితే భావం ఆగి నిలుస్తుంది. ‘వన్స్‌మోర్’ అని కేక పడితే నటుడు అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు. కథ వేగానికి ఇది అడ్డమని విమర్శకులు ఎంత మొత్తుకున్నా, విషాదానికి ఒక మేలు చేసింది. తల్లి దగ్గర సెలవు తీసుకునే చోట, తలారుల ముందు నిలబడే చోట ప్రేక్షకుణ్ణి కథ వెంట పరిగెత్తనీయకుండా ఆ బాధ దగ్గరే కాసేపు కూర్చోబెట్టింది.

జర్మన్ జోడు: డాన్ కార్లోస్

సారంగధరకు అతి దగ్గరి పోలిక జర్మన్ నాటక సాహిత్యంలో ఉంది. ఫ్రెడ్రిక్ షిల్లర్ రాసిన చారిత్రక విషాద నాటకం డాన్ కార్లోస్ 1787లో హాంబర్గ్‌లో మొదటిసారి ఆడారు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్, అతని కొడుకు కార్లోస్, సవతి తల్లి ఎలిజబెత్ అందులో ముఖ్య పాత్రలు. ఎలిజబెత్ మొదట కార్లోస్‌కే నిశ్చయమైన పిల్ల. 1559లో రాజకీయ అవసరం కొద్దీ తండ్రి ఆమెను చేసుకున్నాడు. చిత్రాంగి పెళ్ళి కథకు ఇంతకన్నా దగ్గరి చుట్టరికం దొరకదు.

షిల్లర్ కూడా చరిత్రను ఉన్నదున్నట్టు తీసుకోలేదు. అతనికి ఆధారం 1672లో ఫ్రెంచిలో సాం రెయాల్ రాసిన నవల. చరిత్రలోని కార్లోస్ (1545–1568) అనారోగ్యం, మానసిక అస్థిరత ఉన్న యువకుడు. తండ్రి నిర్బంధంలో 23 ఏళ్ళకు చనిపోయాడు. సవతి తల్లితో ప్రేమ అన్నది కల్పన. ఆ ఏడాదే ఆమె కూడా చనిపోవడం ఆ కల్పనకు ఊతమిచ్చింది. నాటకంలో అందరికన్నా పెద్దగా నిలిచే పాత్ర, కార్లోస్ స్నేహితుడు మార్క్విస్ పోసా, పూర్తిగా షిల్లర్ సృష్టి. మూడో అంకంలో పోసా రాజు ఎదుట నిలబడి ప్రజలకు ఆలోచనా స్వేచ్ఛ ఇవ్వమని అడుగుతాడు. ఇంటి విషాదంగా మొదలైన నాటకం ఆ రంగంతో రాజ్య విషాదం అవుతుంది. హిట్లర్ కాలంలో బెర్లిన్ ప్రేక్షకులు ఆ చోట చప్పట్లు కొట్టడం చరిత్రకెక్కింది.

రెండు నాటకాల్లోనూ తప్పెవరిదన్న ప్రశ్నకు జవాబు తండ్రి దగ్గరే ఆగుతుంది. అయితే షిల్లర్ ఫిలిప్‌ను రాక్షసుణ్ణి చేయలేదు. నమ్మకమైన మనిషి ఒక్కడు లేక అల్లాడే ఒంటరి రాజుగా చూపించాడు. చివరికి ఆ రాజు కొడుకును మతవిచారణ పెద్దకు అప్పగిస్తాడు. రాజరాజు తలారులకు అప్పగించినట్టే. తేడా ఆడపాత్రలో ఉంది. ఎలిజబెత్ నింద వేయదు, ప్రేమను అణచుకుంటుంది. నింద వేసే పని షిల్లర్ ఎబోలీ అనే ఇంకో స్త్రీకి ఇచ్చాడు. చిత్రాంగిలో ఒకటిగా ఉన్న రెండు ముఖాలను అతను ఇద్దరు స్త్రీలకు పంచాడన్నమాట. సుబుద్ధి, పోసాల మధ్య తేడా కూడా గమనించదగినది. తెలుగు నాటకంలో స్నేహితుడు హెచ్చరించి పక్కకు తప్పుకుంటాడు. జర్మన్ నాటకంలో స్నేహితుడు కథనే తన చేతిలోకి తీసుకుంటాడు. అందుకే ఒకటి ఇంటి ధర్మాన్ని పరీక్షిస్తే, ఇంకోటి రాజ్య వ్యవస్థను నిలదీస్తుంది.

రూపాంతరాల పాఠం కూడా డాన్ కార్లోస్‌లో బాగా కనబడుతుంది. 1867లో ఇటలీ స్వరకర్త వెర్డి దాన్ని పారిస్ కోసం అయిదంకాల ఒపెరాగా మలిచాడు. షిల్లర్ నాటకం పెళ్ళయిపోయాక మొదలవుతుంది. వెర్డి ఒపెరా ఫాంటెన్‌బ్లో అడవిలో కార్లోస్, ఎలిజబెత్‌లు మొదట కలుసుకున్న రోజుతో మొదలవుతుంది. 1884లో మిలాన్ ప్రదర్శనకు ఆ అంకం తీసేశాడు. తరువాత అది మళ్ళీ చేరింది. మొదటి కలయిక కళ్ళారా చూసిన ప్రేక్షకుడికి ఆ ప్రేమ నేరంగా కనబడదు. అది వినికిడిగా మాత్రమే తెలిసినవాడికి అనుమానం మిగులుతుంది. కథ ఎక్కడ మొదలైందన్నదే జాలి ఎవరి వైపు మొగ్గాలో నిర్ణయిస్తుంది. సారంగధర కూడా పావురంతో మొదలైతే చిత్రాంగి పాపిష్ఠిది. చిత్తరువుతో, కత్తి పెళ్ళితో మొదలైతే ఆమె మోసపోయిన పిల్ల.

చిత్రాంగి పక్షం

కాబట్టి 20వ శతాబ్దంలో ఈ కథ చరిత్ర చాలావరకు చిత్రాంగి చరిత్రే. రంగస్థలం మీద ఆ పాత్రకు పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు స్థానం నరసింహారావు (1902–1971). సత్యభామ, రోషనార, మధురవాణి వంటి స్త్రీ పాత్రల సరసన చిత్రాంగి ఆయనకు కీర్తి తెచ్చిన వేషం. పురుషుడు వేసిన స్త్రీ వేషంలో చిత్రాంగి మోహాన్ని అసభ్యం కాకుండా, అలాగని చప్పబడకుండా నిలపడం కత్తి మీద సాము. అది నెగ్గితేనే ఆమె రాక్షసిగా కాక మనిషిగా నిలుస్తుంది.

రచనలో ఆమె పక్షం వహించినవాడు చలం. ఆయన చిత్రాంగి నాటకంలో పాత నింద తిరగబడింది. కోరుకున్నవాడికి ఇస్తామని చెప్పి ముసలివాడికి కట్టబెట్టిన పెళ్ళి పెళ్ళేనా, ఆ వావి వరసలకు ఆమె ఎందుకు కట్టుబడాలి అన్నది ఆ నాటకం నిలిపే వాదం. పేరులోనే సారంగధరుడు పక్కకు తప్పుకోవడం గమనించదగినది. గౌరన నాటికి యోగి, ధర్మవరంవారి నాటికి రాజు, చలం నాటికి చిత్రాంగి ఇలా కథకు కేంద్రం మారుతూ వచ్చింది.

పంజాబీలోనూ ఇదే జరిగింది. పూరన్ భగత్ కథను శివకుమార్ బటాల్వీ 1965లో సవతి తల్లి పేరు మీద లూణాగా కావ్యనాటకం చేశాడు. తండ్రి వయసున్నవాడికి కట్టబెట్టిన పిల్ల గుండె కోతే దాని వస్తువు. దానికి 1967లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చలానికీ బటాల్వీకీ సంబంధం లేదు. ఒకే కథకు రెండు భాషల్లో ఒకే వైపు నుంచి సందేహం పుట్టింది.

ఇంగ్లీషు, తమిళం, తెర

కథ తెలుగు దాటిన సందర్భాల్లో మొదట చెప్పవలసింది గురజాడ అప్పారావు రచన. 1883లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, ఆయన సారంగధర పేరుతో ఇంగ్లీషు కావ్యం ప్రచురించాడు. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని తన పత్రికలో తిరిగి వేసి, ఇంత శక్తి ఉన్నవాడు సొంత భాషలో రాయాలని సలహా ఇచ్చాడు. కన్యాశుల్కం రాసినవాడికి తొలి గుర్తింపు తెచ్చింది ఈ రాజమహేంద్రవరం కథే.

తమిళంలోకి దారి వేసింది నాటక సమాజాలు. 1891లో సరసవినోదిని సభ మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఇచ్చిన ప్రదర్శనలు చూసి పమ్మళ్ సంబంధ మొదలియార్ అదే ఏడు సుగుణవిలాస సభ స్థాపించాడు. తమిళంలో ఆయన కూడా సారంగధర నాటకం రాశాడు. 1936లో కె. సుబ్రహ్మణ్యం దర్శకత్వంలో ఎం.కె. త్యాగరాజ భాగవతార్ నాయకుడిగా నవీన సారంగధర వచ్చింది. అంతకు ముందే ఇంకో తమిళ సారంగధర రావడంతో దీనికి ‘నవీన’ చేరింది.

తెలుగు తెర మీద 1937లో పి. పుల్లయ్య తీసిన సారంగధరలో ఏలూరు రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు సారంగధరుడు. అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ, శాంతకుమారి మిగిలిన ముఖ్య నటులు. నాటకం నుంచి వచ్చిన నటులతో, నాటకం పద్ధతిలోనే సాగే తొలి టాకీల కాలం అది. 1957లో మినర్వా పిక్చర్స్ సారంగధరలో ఎన్.టి. రామారావు సారంగధరుడు, భానుమతి చిత్రాంగి, ఎస్.వి. రంగారావు రాజరాజనరేంద్రుడు. సంగీతం ఘంటసాల. మరుసటి ఏడాది వచ్చిన తమిళ రూపంలో నాయకుడు శివాజీ గణేశన్. చిత్రాంగి మాత్రం రెండింటిలోనూ భానుమతే.

తెర ఈ కథకు ఒక చిక్కు తెచ్చింది, ఒక వెసులుబాటు ఇచ్చింది. రంగస్థలం మీద ముప్ఫై అడుగుల దూరాన పద్యంలో పలికే మోహం కెమెరా ముందు ముఖంలో పలకాలి. పద్యం ఇచ్చే మరుగు అక్కడ ఉండదు. అందువల్ల చిత్రాంగి పాత్రకు నటి స్థాయే ప్రాణమైంది. వెసులుబాటు ఏమిటంటే చిత్తరువు చూడడం, కత్తికి తాళి కట్టడం వంటి పూర్వకథను నాటకంలోలా మాటల్లో చెప్పనక్కర లేదు. చూపించవచ్చు. చూపించగానే నేరంలో తండ్రి వాటా పెరుగుతుంది.

విలువ

తెలుగులో చారిత్రక విషాదాలు ఇంకా ఉన్నాయి. విజయనగర పతనం మీద కోలాచలం శ్రీనివాసరావు నాటకం రాశాడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని రాజమహేంద్రవరం కవి శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి నాటకం చేశాడు. వాటిలో పతనానికి బయటి శత్రువు ఉన్నాడు. ఓటమి ఉంది. సారంగధరలో శత్రువు లేడు. గోడలు పడవు, కోట పోదు. రాజు గద్దె మీద అలాగే ఉంటాడు. అతను పోగొట్టుకున్నది కొడుకునూ, న్యాయం చెప్పే అర్హతనూ. శత్రువు లేకుండా విషాదం నడపడం కష్టం కాబట్టి ఈ కథ నాటకకర్తకు పరీక్ష పెడుతుంది.

చరిత్ర దృష్టితో చూస్తే రాజరాజనరేంద్రుడికి ఈ కథ అన్యాయమే చేసింది. శాసనాల్లో దానధర్మాలు చేసి, భారతం రాయించి, వీరుల జ్ఞాపకంగా గుళ్ళు కట్టించిన రాజు జనం నోట కొడుకు కాళ్ళు నరికించినవాడయ్యాడు. స్పెయిన్ ఫిలిప్‌కు షిల్లర్ చేసినదీ అదే. ఇద్దరి విషయంలోనూ చదువరి రెండు లెక్కలు విడివిడిగా ఉంచుకోవాలి. పదకొండో శతాబ్దపు వేంగి సంగతి కోరుమిల్లి, కలిదిండి, నందంపూడి శాసనాలను అడగాలి. అధికారం ఉన్న తండ్రి తానే ఫిర్యాదిదారై తానే తీర్పు చెబితే ఏమవుతుందో సారంగధరను అడగాలి. మొదటి ప్రశ్నకు నాటకాన్ని సాక్ష్యంగా తేవడం ఎంత పొరపాటో, రెండో ప్రశ్నకు జవాబు లేదని నాటకాన్ని కొట్టిపారేయడం అంతే పొరపాటు.